ఎన్టీఆర్ కంటే మూడేళ్లే పెద్ద.. అయినా తెరపై ఆయనకు తల్లి! సీమ నటి శాంతకుమారి సినీ ప్రస్థానం

పాత తెలుగు సినిమాల్లో అమ్మ అనగానే గుర్తొచ్చే ముఖాల్లో శాంతకుమారి ఒకరు. కానీ ఆమె తెరపైకి వచ్చింది హీరోయిన్‌గా. 30 ఏళ్లు నిండకముందే తల్లి పాత్రలు మొదలయ్యాయి.

ప్రొద్దుటూరు టు మద్రాస్

1920 మే 17న కడప జిల్లా ప్రొద్దుటూరులో పుట్టారు. అసలు పేరు వెల్లాల సుబ్బమ్మ. ప్రొఫెసర్ పి. సాంబమూర్తి దగ్గర కర్ణాటక సంగీతం, వయొలిన్ నేర్చుకున్నారు. 1936లో ‘శశిరేఖా పరిణయం’లో శశిరేఖగా పరిచయమయ్యారు. మరుసటి ఏడాదే దర్శకుడు పి. పుల్లయ్యను పెళ్లి చేసుకున్నారు.

తాడిపత్రి డైరెక్టర్ సినిమాలో అక్క

వానలు మొహం చాటేసే అనంతపురం కరువు నేల మీదుగా వచ్చే పెన్నా, తాడిపత్రి దాటాక ప్రొద్దుటూరు వైపు వస్తుంది. ఆ తాడిపత్రివారే దర్శకుడు కె.వి. రెడ్డి. ఆయన తీసిన ‘గుణసుందరి కథ’ (1949)లో శాంతకుమారి కథానాయికకు అక్క. తండ్రిని తీపి మాటలతో బుట్టలో వేసుకునే రాజకుమార్తె పాత్ర అది.

ఏడాదిలోనే అమ్మ

1950లో ‘షావుకారు’ వచ్చింది. అందులో ఎన్టీఆర్‌కు తల్లి శాంతకుమారే. ఇద్దరికీ వయసులో తేడా కేవలం మూడేళ్లు! హీరోలు దశాబ్దాల పాటు హీరోలుగానే ఉంటే, వాళ్ల ఈడు నటీమణులు మాత్రం తల్లులైపోయేవాళ్లు. ‘ప్రేమనగర్’ (1971)లో ఆమె అక్కినేనికి తల్లి. ఆయన ఆమె కంటే నాలుగేళ్లే చిన్న. ఆ కథ తమిళ రీమేక్ ‘వసంత మాళిగై’ (1972)లో శివాజీ గణేశన్‌కూ ఆమే అమ్మ.

ఒకే కథ.. రెండు పాత్రలు

ఆమె కెరీర్ మొత్తం రెండు సినిమాల్లో కనిపిస్తుంది. పుల్లయ్య 1939లో తీసిన ‘బాలాజీ’లో ఆమె పద్మావతి.. అంటే శ్రీనివాసుడి భార్య. అదే కథను ఆయన 1960లో ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’గా మళ్లీ తీస్తే, శ్రీనివాసుడిగా ఎన్టీఆర్, పద్మావతిగా సావిత్రి. శాంతకుమారికి దక్కింది వకుళమాత పాత్ర. అయితే చిన్నప్పుడు నేర్చుకున్న సంగీతం అక్కడే అక్కరకొచ్చింది. కొడుకు కోసం ఎదురుచూసే ఆ తల్లి పాటను ఆమే స్వయంగా పాడారు. హీరోయిన్ వేషం చేజారినా, వకుళమాత అంటే ఇప్పటికీ చాలామందికి ఆమే గుర్తొస్తారు.

1999 సంవత్సరానికి రాష్ట్ర ప్రభుత్వం రఘుపతి వెంకయ్య అవార్డుతో ఆమెను గౌరవించింది. 2006 జనవరి 16న, 85 ఏళ్ల వయసులో శాంతకుమారి కన్నుమూశారు.