గానుగ మడ్డి నుంచి సబ్బు నురగ దాకా

జంషెడ్‌పూర్‌లోని భాలుబాసా వీధుల్లో వంటవేళ నడిచి చూడండి, ఏదో ఒక ఇంటి నుంచి ఆవనూనె ఘాటు ముక్కుకు తగలక మానదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటా కర్మాగారంలో పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో తరతరాలుగా ఉన్నాయి. నువ్వుల నూనె, వేరుశనగ నూనె తప్ప ఎరుగని ఇళ్లలో కూడా ఇప్పుడు ఆవనూనె డబ్బా ఒకటి ఉంటుంది. ఆ డబ్బా అడుగున చేరే మడ్డిని ఏం చేస్తాం? పారబోస్తాం.

ఇక్కడి పిల్లలకు ఒకసారి సూక్ష్మజీవుల గురించి చెబుతుండగా, వెనక కూర్చున్న ఒక పెద్దావిడ అడిగారు: "మాస్టారూ, మా అమ్మ మడ్డితోనే సబ్బు వండేది. మీ సూక్ష్మజీవులు అంతకంటే ఏం చేస్తాయండీ?" ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ పాఠంలో ఆ ప్రశ్ననే తీసుకుందాం.

ముందుగా ఒక చిన్న ప్రయోగం. పళ్లెంలో నీళ్లు పోసి పైన కాస్త మిరియాల పొడి చల్లండి. కుంకుడు రసంలో ముంచిన వేలిని మధ్యలో తాకించండి. పొడి ఒక్కసారిగా అంచులకు పారిపోతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండటం వల్ల నీటి పైభాగం బిగించిన పొరలా ప్రవర్తిస్తుంది. ఈ బిగువునే తలతన్యత అంటారు. గది ఉష్ణోగ్రత దగ్గర దాని విలువ మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. కుంకుడులోని సాపోనిన్లు ఈ బిగువును సడలిస్తాయి. ఇలా సడలించే పదార్థాలే సర్ఫాక్టెంట్లు. వాటి అణువులో ఒక కొస నీటిని కోరుతుంది, రెండో కొస నూనెను కోరుతుంది. జిడ్డును నీటితో కలిపి వదిలించేది ఈ రెండు కొసల గుణమే. సబ్బూ అదే పని చేస్తుంది.

అయితే సబ్బుకు నూనె కావాలి. టాటా ఆయిల్ మిల్స్ 1917లో కొచ్చిన్ ప్రాంతంలో మొదలైంది కొబ్బరి నూనె ఆధారంగానే. వారి 501 బట్టల సబ్బు పేరు మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఆ కంపెనీ 1993లో హిందుస్తాన్ లీవర్‌లో కలిసిపోయింది. స్వాతంత్ర్యం తరువాత వంటనూనెకే కటకట వచ్చిన దేశంలో సబ్బు, పళ్లెం ఒకే నూనె కోసం పోటీ పడ్డాయి. అందుకే ఖాదీ గ్రామోద్యోగ సంస్థలు వేప, ఇప్ప, కానుగ నూనెల వైపు మళ్లాయి. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చి పెట్రోలియం నుంచి తీసిన డిటర్జెంట్లను ఇంటింటికీ చేర్చాయి. పోటీ కొంత తగ్గింది కానీ, పాత తరహా డిటర్జెంట్ల నురగ నీటిలో త్వరగా కుళ్లదని ఐరోపా నదులు అప్పటికే చూపించాయి. పశ్చిమ జర్మనీ 1961లో దీని మీద చట్టమే చేసింది.

ఇక అసలు కథకు వద్దాం. ఇది సబ్బు కోసం వెదకిన కథ కాదు, క్షయకు మందు వెదకిన కథ. 1946లో స్వీడన్‌లో సూనె బెర్గ్‌స్ట్రోమ్, ఆయన సహచరులు ఒక బ్యాక్టీరియా నుంచి క్షయక్రిమిని అడ్డుకునే నూనెలాంటి పదార్థాన్ని తీసి దానికి పయోలిపిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. (ఇదే బెర్గ్‌స్ట్రోమ్ తరువాత వేరే పనికి, అంటే ప్రోస్టాగ్లాండిన్లకు, 1982లో నోబెల్ అందుకున్నారు.) ఆ బ్యాక్టీరియానే ఇప్పుడు సూడోమోనాస్ ఎరుజినోసా అంటున్నాం. 1949లో అమెరికాలో జార్విస్, జాన్సన్ దానినే పెంచి, ఆ పదార్థంలో రామ్నోజ్ అనే చక్కెర, పది కార్బన్ల కొవ్వు ఆమ్లం కలిసి ఉన్నాయని తేల్చారు. చక్కెర కొస నీటికి, కొవ్వు కొస నూనెకు. అంటే కుంకుడు చేసే పనినే బ్యాక్టీరియా కూడా చేస్తోందన్నమాట. వీటికి తరువాత రామ్నోలిపిడ్లు అనే పేరు స్థిరపడింది. క్షయమందుగా మాత్రం ఇవి ఎక్కిరాలేదు.

బ్యాక్టీరియాకు సబ్బుతో పనేమిటని మీరు అడగవచ్చు. నీటిలో బతికే జీవికి ఎదురుగా నూనె చుక్క ఉందనుకోండి. ఆహారం కళ్లముందే ఉన్నా నోటికి అందదు. చుక్కను వేల చిన్న తుంపరలుగా చీలిస్తే తాకడానికి దొరికే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ చీల్చే పని సర్ఫాక్టెంట్‌ది. నూనె పెడితే ఇది బాగా తయారుకావడానికి ఇదొక కారణం.

1968లో జపాన్‌లో అరిమా బృందం బాసిల్లస్ సబ్టిలిస్ నుంచి సర్ఫాక్టిన్ తీసింది. లీటరు నీటిలో కొన్ని పదుల మిల్లీగ్రాములు చాలు, 72 ఉన్న తలతన్యత 27కు దిగుతుంది. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ అలాస్కా తీరాన చమురు ఒలకబోసినప్పుడు, ఆ గులకరాళ్లను రామ్నోలిపిడ్లతో కడిగి చూసిన ప్రయోగాలు 1990లో అచ్చయ్యాయి. శాస్త్రవేత్తలు మెచ్చుకున్నారు, వ్యాపారులు ధర చూసి వెనక్కి తగ్గారు.

ధర తగ్గాలంటే బ్యాక్టీరియాకు చవక తిండి పెట్టాలి. 1993లో బార్సిలోనాలో ఆలివ్ నూనె మిల్లుల మురుగునీటిని పెట్టి చూశారు. 2002లో బ్రెజిల్‌లో బెనిన్‌కాసా బృందం పొద్దుతిరుగుడు నూనె సోప్‌స్టాక్‌ను పెట్టింది. సోప్‌స్టాక్ అంటే, నూనెను శుద్ధిచేసేటప్పుడు కాస్టిక్ సోడా కలిపితే విడిపోయే జిడ్డు ముద్ద. మన తవుడు నూనె కర్మాగారాల్లోనూ ఇది దండిగా వస్తుంది. బ్రెజిల్ వారికి లీటరుకు సుమారు 16 గ్రాముల రామ్నోలిపిడ్ వచ్చింది. 2007లో తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయం నుంచి వేరుశనగ చెక్కతో చేసిన పని అచ్చయింది. చెక్కను వ్యర్థం అనడం నాకు మింగుడుపడదు. తెలగపిండి కూర తిన్న వారెవరికైనా అంతే. పశువు తినేదాన్ని మనం చెత్త అనకూడదు. కానీ సోప్‌స్టాక్, పదిసార్లు కాచిన నూనె సంగతి వేరు కదా.

జంషెడ్‌పూర్‌కు సుమారు 130 కిలోమీటర్ల దూరాన, మరో పెద్ద తెలుగు రైల్వే బస్తీ ఉన్న ఖరగ్‌పూర్‌లో, ఐఐటీ శాస్త్రవేత్తలు ముఖర్జీ, దాస్, సేన్ 2006లో ఈ ఆర్థిక చిక్కు మీదే ఒక సమీక్ష రాశారు. ఈ రంగంలో సాధారణంగా వేసే అంచనా ప్రకారం ముడిసరుకు ఖర్చు మొత్తంలో 10 నుంచి 30 శాతమే. తయారైన పదార్థాన్ని పులిసిన ద్రవం నుంచి విడదీసి శుద్ధిచేయడానికే దాదాపు 60 శాతం పోతుంది. మడ్డి చవకే, కానీ మురికి ఎక్కువ. తిండి దగ్గర మిగిలింది శుద్ధి దగ్గర ఖర్చవుతుంది. పైగా రెండు మిల్లుల మడ్డి ఒకేలా ఉండదు. ప్రయోగశాలల విజయాలు కర్మాగారాలుగా మారకపోవడానికి ముఖ్య కారణం ఇదేనని నా అభిప్రాయం.

మరో అడ్డంకీ ఉంది. ఎరుజినోసా కాలిన గాయాల్లో, ఆసుపత్రి రోగుల్లో ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్లు తెస్తుంది. దీన్ని ఇంట్లో పెంచే ప్రయత్నం ఎవరూ చేయవద్దు. 1995లో జ్యూరిచ్ పరిశోధకులు రామ్నోలిపిడ్ తయారుచేసే జన్యువులను దాని సాధువైన దాయాది, సూడోమోనాస్ పుటిడాలోకి చేర్చి దారి చూపారు.

2019లో యూనిలీవర్ చిలీలో రామ్నోలిపిడ్‌తో గిన్నెలు తోమే ద్రవం అమ్మింది. 2024లో ఎవోనిక్ అనే జర్మన్ కంపెనీ స్లోవేకియాలో పెద్ద కర్మాగారం తెరిచింది. అక్కడ బ్యాక్టీరియాకు పెట్టేది మడ్డి కాదు, మొక్కజొన్న నుంచి తీసిన చక్కెర. శుభ్రంగా ఉంటుంది, ప్రతిసారీ ఒకేలా ఉంటుంది.

ఈ సంగతి ఆ పెద్దావిడకు చెప్పాను. "అంటే మళ్లీ తినేదే పెడుతున్నారన్నమాట!" అన్నారు. అవునండీ అన్నాను. "మా అమ్మ సబ్బు చేతులను కోసేసేది, క్షారం ఎక్కువై. మీది కోయదా?" అని అడిగారు. కోయదు, కాస్టిక్ అవసరమే లేదు అన్నాను. "అయితే మడ్డి దాచి ఉంచుతాను లెండి," అని లేచి వెళ్లారు.