దీపకాంతిని తగ్గించు విద్య

నూనెదీపపు వెలుగును తగ్గించవలెనన్న వత్తిని కొంచెము క్రిందికి దించిన చాలును. విద్యుద్దీపమునకు వత్తి లేదు. మరి దాని వెలుగును కోరినంత తగ్గించుట ఎట్లు?

ఈ అవసరము మొదట నాటకశాలలలో కలిగెను. లండనులోని సావోయ్ థియేటరును 1881లో తెరచినపుడు జోసెఫ్ స్వాన్ రూపొందించిన దీపములను సుమారు 1200 అమర్చిరి. ఆ ఏడు డిసెంబరులో రంగస్థలమును సైతము వానితో వెలిగించి, వలయములో నిరోధములను చేర్చి కాంతిని తగ్గించిరి.

ఈ పద్ధతిలో నష్టమెంతో చూడుడు. మన ఇండ్లలోని 230 వోల్టులలో సగము దీపమునకు, సగము నిరోధమునకు పోయినదనుకొందము. రెండింటిలోను ప్రవహించు విద్యుత్తు ఒక్కటే. కనుక దీపము తీసికొన్నంత శక్తి నిరోధములో వేడియై వృథా యగును. కొన్ని నాటకశాలలలో ఉప్పునీటి తొట్టెలలోనికి లోహపు పలకలను దించుచు, ఎత్తుచు ఈ పని చేసిరి. నీరు కాగుచుండెడిది, ప్రమాదము చేతికి చేరువనే యుండెడిది.

1957లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు థైరిస్టరు అను అర్ధవాహక సాధనమును నిర్మించిరి. దాని సాయముతో జోయెల్ స్పైరా 1959లో ఇంటి గోడలో ఇమిడిపోవు డిమ్మరును రూపొందించెను. ఇది విద్యుత్తును అడ్డగించి కాల్చివేయదు. మీటవలె తెరచి మూయును. మన విద్యుత్తులో సెకనుకు 100 అర్ధచక్రములు కలవు. ప్రతి అర్ధచక్రములో కొంత భాగము మాత్రమే దీపమునకు అందును. మీట మూసియున్నపుడు దానిపై వోల్టేజి స్వల్పము. తెరచియున్నపుడు ప్రవాహము దాదాపు శూన్యము. రెంటి లబ్ధమే శక్తి గనుక నష్టము అత్యల్పము.

అదే కంపెనీలో నిక్ హోలోన్యాక్ 1962లో ఎరుపు వెలుగునిచ్చు ఎల్.ఇ.డి.ని తయారుచేసెను. 1990 తరువాత నీలి ఎల్.ఇ.డి. ప్రకాశవంతమై, తెల్లని వెలుగునకు మార్గమేర్పడెను. తెల్లని ఎల్.ఇ.డి. ఒక్కొక్కదానికి సుమారు 3 వోల్టులు కావలెను. అనేకమును వరుసగా కలిపి, రెక్టిఫైయరును చేర్చినచో ఆ పట్టీ నేరుగా 230 వోల్టులపై వెలుగును.

నేడు ఇట్టి పట్టీలను మైక్రోకంట్రోలరుతో అదుపుచేయుచున్నారు. అది సాధారణముగా 3.3 వోల్టులపై పనిచేయును. పట్టీకి వచ్చు విద్యుత్తు శిఖరవిలువ సుమారు 325 వోల్టులు. ఈ రెండు వలయములను నేరుగా కలిపినచో మైక్రోకంట్రోలరు కాలిపోవుటే కాదు, దాని తీగను తాకినవారి ప్రాణమునకే ముప్పు. అందుకే వాని నడుమ ఆప్టోకప్లరు నుంచెదరు. అందులో ఒకవైపు చిన్న ఎల్.ఇ.డి., ఎదుట కాంతిని గ్రహించు అర్ధవాహకము ఉండును. నడుమ తీగ లేదు. వార్తను వెలుగే మోయును. తగిన ఆప్టోకప్లరు రెండువైపుల నడుమ వేల వోల్టుల భేదమును తట్టుకొనును. విద్యుత్తరంగము శూన్యమును దాటిన క్షణమును తెలుపు సంకేతము సైతము ఇట్టి మార్గముననే మైక్రోకంట్రోలరును చేరవలెను. దానికి శక్తినిచ్చు సాధనము కూడ ప్రధాన సరఫరానుండి వేరుపరచబడినదై యుండవలెను.

వెలుగు ఆరినంత మాత్రమున పట్టీలో విద్యుత్తు లేదని తలచరాదు. మీట న్యూట్రల్ తీగలో ఉన్నచో, ఆరిన పట్టీ సైతము షాక్ కొట్టును. కత్తిరించిన కొనను బంధకపు మూతతో కప్పవలెను. వలయమున ఫ్యూజు ఉండవలెను.

తరగతిలో 12 వోల్టుల పట్టీతో, సెకనుకు వందలసార్లు తెరచి మూయు మీటతో, ఈ సూత్రమునంతను చూపవచ్చును. 230 వోల్టుల పనిని శిక్షణ పొందిన ఎలక్ట్రీషియనుకు విడువవలెను.