బాలాసోర్ రైలు ప్రమాదం: అసలు తప్పు 2018లోనే జరిగిందా?

కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మనకి బాగా తెలిసిన బండే. హౌరా దగ్గర షాలిమార్‌లో బయల్దేరి విశాఖ, రాజమండ్రి, విజయవాడ మీదుగా చెన్నై వెళ్తుంది. 2023 జూన్ 2, శుక్రవారం. సాయంత్రం ఏడు కావొస్తుండగా ఒడిశాలోని బాలాసోర్ జిల్లా, బహానగా బజార్ స్టేషన్‌లోకి గంటకు 128 కిలోమీటర్ల స్పీడ్‌తో వచ్చింది. ఆ స్టేషన్‌లో దీనికి స్టాప్ లేదు. మెయిన్ లైన్‌లో నేరుగా వెళ్లిపొమ్మని గ్రీన్ సిగ్నల్ ఉంది. పట్టాలు మాత్రం పక్కనున్న లూప్ లైన్ వైపు తిరిగి ఉన్నాయి. అక్కడ ఇనుప ఖనిజంతో గూడ్స్ బండి ఆగి ఉంది. వెళ్లి దాన్ని గుద్దేసింది. పట్టాలు తప్పిన పెట్టెలు, పక్క లైన్‌లో వెళ్తున్న బెంగళూరు–హౌరా బండి చివరి పెట్టెలకి తగిలాయి. 290 మందికి పైగా చనిపోయారు.

అప్పట్లో మన ఫోన్లలో ఏం తిరిగిందో గుర్తుందా? పట్టాల పక్కనున్న ఇస్కాన్ గుడి ఫోటో పెట్టి, మసీదు అని ఫార్వర్డ్ చేశారు. స్టేషన్ మాస్టర్ పారిపోయాడన్నారు.

సరే, అసలు విషయానికొద్దాం. పట్టా లూప్ వైపు ఉంటే మెయిన్ లైన్ సిగ్నల్ గ్రీన్ అవ్వకూడదు. ఆ రెండిటినీ కట్టిపడేసే సిస్టమ్ పేరు ఇంటర్‌లాకింగ్. పట్టా ఎటు ఉందో దానికి చెప్పేది వైర్లే. రైల్వే సేఫ్టీ కమిషనర్ రిపోర్ట్ ప్రకారం 2018లో అక్కడ సర్క్యూట్ మార్చారు, లేబుళ్లు సరిచేయలేదు. ఐదేళ్లు ఎవరూ కనిపెట్టలేదు. ప్రమాదం రోజు 94వ నంబర్ లెవల్ క్రాసింగ్ గేటు బారియర్ మార్చే పని జరిగింది. ఆ పనిలో వైరింగ్ తప్పింది. దాంతో సిస్టమ్ పట్టా మెయిన్ లైన్‌కే ఉందనుకుని గ్రీన్ ఇచ్చేసింది.

జాబ్‌లో ఉన్నప్పుడు నేనూ అప్‌డేట్ చేయని పాత డాక్యుమెంట్ నమ్మి, లైవ్ సర్వర్ మీద చెయ్యి పెట్టి సైట్ పడగొట్టాను. రెండు గంటల్లో పాత వెర్షన్ పెట్టేశాం, మేనేజర్ తిట్టాడు, అయిపోయింది.

నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. 2022 మే 16న అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో, బాంకరా నయాబాజ్ స్టేషన్‌లో తప్పు వైరింగ్ వల్ల ఇలాంటి ఘటనే జరిగింది. అప్పుడే సరిదిద్దుకుని ఉంటే బహానగా జరిగేది కాదని ఆ రిపోర్టే చెప్పింది. ముగ్గురు ఉద్యోగుల్ని సీబీఐ అరెస్ట్ చేసింది. కానీ 2018 నుంచి ఆ పెట్టె తెరిచి, లేబుల్ చదివి, సరిగ్గానే ఉందనుకుని మూసేసిన వాళ్లు ఎంతమంది ఉంటారు?

గుర్తుపట్టలేని శవాల్ని భువనేశ్వర్ ఎయిమ్స్‌లో ఉంచి డీఎన్ఏ పరీక్షలు చేయించారు. అయినా 28 మంది కోసం ఎవరూ రాలేదు. నాలుగు నెలలు చూసి, అక్టోబర్‌లో మున్సిపల్ కార్పొరేషన్ వాళ్లే అంత్యక్రియలు చేశారు.