తీరికపని

ఉద్దానపు పల్లెలలో మధ్యాహ్నవేళ అరుగులమీద కూర్చుండు స్త్రీల చేతులు ఊరకుండగా మేమెన్నడును చూచియుండలేదు. ఒకతె కొబ్బరిపీచు పేని త్రాడు చేయుచుండును. వేరొకతె కొబ్బరి యీనెలు చీరి చీపురు కట్టుచుండును. బడినుండి వచ్చిన బాలిక లేసుసూదితో తెల్లని దారము నల్లుచుండును. ఏమి చేయుచున్నావమ్మా యని యడిగినచో, “ఏటీ నేదు మేస్టారూ, ఊరికే కూకున్నాను” అని బదులు వచ్చును. ఈ “ఊరికే” యను మాటకొక చరిత్ర గలదు. దానిని విచారించుటయే యీ వ్యాసమున మా తలంపు.

ఈ విచారణకు మమ్ము పురికొల్పినది మా తప్పే. కాశీబుగ్గ బజారులో నొకనాడు నరసాపురపు లేసు బల్లగుడ్డ నొకదానిని బేరమాడితిమి. ఇంటిపట్టున తీరికవేళ నల్లినదానికి ఇంత వెలయా యని వాదించి, చెప్పిన ధరలో సగమునకే కొని, గెలిచితిమని సంతసించితిమి. ఆ నెలలోనే మా చిన్నమ్మాయి తన పిన్ని పెండ్లికి కానుకగా నొక లేసు చక్రమును అల్ల మొదలిడినది.

క్రొత్తగా నేర్చువారికి ఇంతకంటె సులభమైన పని లేదు. ఉన్ని యల్లికకు రెండు సూదులు కావలెను. వరుసలోని కన్నులన్నియు సూదిమీదనే నిలిచియుండును. ఒకటి జారిన క్రిందివరకు విడిపోవును. లేసునకు కొక్కెముగల సూది యొక్కటి చాలును. ఒక ముడి ముగిసిన పిమ్మటనే వేరొకటి. కావున తప్పినచోటికి దారము లాగి మరల నల్లుకొనవచ్చును. మొదట కొంచెము లావుపాటి దారముతో గొలుసు అల్లుట నేర్చి, ఆ గొలుసును ఉంగరముగా కలిపి, దానిలో పండ్రెండు నిలువు అల్లికలు వేయవలెను. తరువాతి చుట్టునకు ఇరువదినాలుగు, ఆపైన ముప్పదియారు. పెంచుట తగ్గిన చక్రము గిన్నెవలె ముడుచుకొనును. హెచ్చిన అంచు కుచ్చులు పట్టును. దారమును ఎడమచేతి చూపుడువ్రేలిమీద ఒకే బిగువున నడపుటలోనే నేర్పంతయు నున్నది.

మా పిల్ల యల్లినది అరచేయి వెడల్పు చక్రము. దానికి నాలుగు సాయంకాలములు పట్టినవి. ముగించి, మేము కొనితెచ్చిన బల్లగుడ్డ దగ్గరకు పోయి, అందలి చక్రములను వ్రేలితో లెక్కించి, “నాన్నగారూ, ఇవి నలుబది యెనిమిది” అనినది. అంతకుమించి యేమియు ననలేదు. మేమును ఏమియు ననలేకపోతిమి. చేయి తిరిగినవారికి మా పిల్లకు పట్టినంత కాలము పట్టదు, నిజమే. కాని ఎంత కాలము పట్టునో బేరమాడునాడు మేమడుగనేలేదు.

ఈ విద్య మన దేశమునకు క్రైస్తవ మిషనరీ కుటుంబములవలన పందొమ్మిదవ శతాబ్దిలో వచ్చి, గోదావరి డెల్టాలోని నరసాపురము చుట్టుపట్ల వేరూనినది. మొదట క్రైస్తవమతము పుచ్చుకొన్న పేద స్త్రీలు నేర్చిరి. ఇరువదవ శతాబ్దిలో నది విదేశములకు ఎగుమతియగు సరకైనది. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలును దానిని చేపట్టిరి. పొలమునకు పోవుట చిన్నతనమని యెంచిన యిండ్లకు, గడప దాటకుండ నాలుగు డబ్బులు తెచ్చు పని గౌరవముగా తోచినది. ఒకతె పూవు నల్లును. ఒకతె అతుకుపని చేయును. సరకు దళారి చేతిమీదుగా వర్తకునికి చేరును. పూవు నల్లినయామె తుదకు బల్లగుడ్డను కన్నులజూడదు, దాని వెల నెరుగదు.

జర్మను సంఘశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఈ స్త్రీల బ్రతుకులను పరిశీలించి 1982లో నొక గ్రంథము ప్రకటించినది. ఇంటిచాకిరి గాక దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లినను, వారికి దక్కునది రూపాయికంటె తక్కువయని యామె లెక్కతేల్చినది. కారణమేమి? వారు పనివారు గారు, గృహిణులు. చేయునది పని గాదు, తీరికవేళ కాలక్షేపము. ఇదియే వర్తకుని వాదము. విచారకరమేమన, భర్తలును అట్లే తలచిరి. పలాసలో జీడిపప్పు పొట్టు తీయుటకు కర్మాగారమునకు పోవు స్త్రీని కూలియందుము. ఆమెకు కూలి యడుగు నోరైన గలదు. ఇంట కూర్చున్నయామెకు ఆ పేరును లేదు, ఆ నోరును లేదు. గౌరవమని యెంచిన గడపయే కూలిని తగ్గించినది.

ఈ చిక్కు మన జిల్లాకు క్రొత్త గాదు. వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని దువ్వి సన్ననూలు తీయు పొందూరు స్త్రీల పనియు నిట్టిదే. గాంధీమహాత్ముడు మొదట రాట్నమును పల్లెవారి ఖాళీవేళలకు తోడుగా చూపెను. 1925లో నేర్పడిన అఖిలభారత చరఖా సంఘము పదియేండ్లు పనిచేసిన పిమ్మట, వడకువారికి దక్కు కూలి బహుస్వల్పమని యాయనయే యొప్పుకొనెను. ఎనిమిది గంటలు శ్రద్ధగా వడకినవారికి కనీసపు తిండియు, ఏటికి ఇరువది గజముల బట్టయు సమకూరునంతటి కూలి నీయవలెనని 1935లో సంఘము తీర్మానించినది. ఖద్దరు ప్రియమై అమ్మకము తగ్గునని పలువురు భయపడిరి. అయినను ఆయన వెనుదీయలేదు. తీరికపని యని పిలిచినదానిని గంటలతో కొలిచిన దినమది.

2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరి పేరును కాపాడుటకు చట్టము వచ్చినది, మంచిదే. అల్లినయామె గంటలను కాపాడుట మాత్రము కొనువారమైన మనవంతు.

కావున తల్లిదండ్రులారా, మీ పిల్లలకు, బాలికలకే గాదు బాలురకును, లేసుసూది నిండు. గ్లాసు క్రింద వేయు చక్రమో, చేతిగుడ్డకు అంచో అల్లి ఆప్తులకు కానుక చేయనిండు. కానుకకు వెల లేదు; అది ప్రేమతో నిచ్చిన కాలము. కాని యొకరి కాలమును మనము కొనునపుడు దానిని కానుకగా పుచ్చుకొనరాదు. ఆ బల్లగుడ్డ అమ్మినయామె మరల మాకు కనబడలేదు. చిన్నమ్మాయి దానిని బల్లమీద పరచినపుడెల్ల మా బాకీ మాకు జ్ఞప్తికి వచ్చుచునే యున్నది.