పాలకమంత్రి

మహారాష్ట్రలో ఒక జిల్లా బాగోగులు చూసే బాధ్యతను ముఖ్యమంత్రి ఏ మంత్రికి అప్పగిస్తే ఆ మంత్రిని మరాఠీలో 'పాలకమంత్రి' అంటారు. తెలుగులో పాలకుడంటే ఏలేవాడు కనుక ఈ మాటలో మనకు అధికారమే ముందు ధ్వనిస్తుంది. మరాఠీ వాడుకలో 'పాలక్' అంటే పిల్లల సంరక్షకుడు, అందుకే బడుల్లో జరిగే తల్లిదండ్రుల సమావేశాన్ని అక్కడ 'పాలక్ సభ' అంటారు.

రాజ్యాంగంలో ఈ పదవి ప్రస్తావన లేదు. అయినా దీని బలం తక్కువేమీ కాదు: 74వ రాజ్యాంగ సవరణను అనుసరించి 1998లో రాష్ట్రం చేసిన చట్టంతో ఏర్పడిన జిల్లా ప్రణాళికా సమితికి పాలకమంత్రి అధ్యక్షుడు, కలెక్టరు సభ్య కార్యదర్శి కావడంతో, జిల్లా వార్షిక ప్రణాళిక నిధులు ఏ పనులకు వెళ్లాలన్నది చాలావరకు ఆయన చేతిమీదుగానే తేలుతుంది.

ఈ పదవి ప్రాధాన్యం చంద్రపూర్ జిల్లాలో మద్యనిషేధం విషయంలో స్పష్టంగా కనిపించింది. మహిళల దీర్ఘకాల ఉద్యమం ఫలితంగా 2015 ఏప్రిల్‌లో నిషేధం అమలులోకి వచ్చినప్పుడు బల్లార్‌పూర్ శాసనసభ్యుడు, ఆర్థికమంత్రి సుధీర్ ముంగంటివార్ పాలకమంత్రిగా ఉండగా, 2021 మేలో మంత్రివర్గం దానిని ఎత్తివేసే నాటికి ఆ బాధ్యత బ్రహ్మపురి శాసనసభ్యుడు విజయ్ వడెట్టివార్‌ది. రెండు నిర్ణయాలూ మంత్రివర్గానివే అయినా జిల్లాలో వాటికి జవాబు చెప్పవలసినవారు పాలకమంత్రులే అయ్యారు. ఈ పదవి స్థానికులకే దక్కాలన్న నియమం లేదు. 2025 జనవరిలో చంద్రపూర్ పాలకమంత్రిగా నియమితుడైన అశోక్ ఉయికే యవత్మాళ్ జిల్లాలోని రాళేగావ్ శాసనసభ్యుడు. అప్పుడే, 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయిన గడ్చిరోలి జిల్లాకు ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ తానే పాలకమంత్రి అయి, మరొకరిని 'సహ పాలకమంత్రి'గా నియమించారు.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి దగ్గరి పదవిని 'ఇన్‌ఛార్జి మంత్రి' అంటారు. తెలంగాణలో 2023 డిసెంబరులో ఈ నియామకాలు ఉమ్మడి జిల్లాల వారీగా జరిగాయి. చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా సరిహద్దులో, తెలంగాణలోని ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం కూడా తనవేనంటున్న కొన్ని గ్రామాలవారు రెండు రాష్ట్రాల్లోనూ ఓటర్లు కావడంతో, ఒకే ఊరు మహారాష్ట్ర లెక్కలో పాలకమంత్రి కిందికి, తెలంగాణ లెక్కలో ఇన్‌ఛార్జి మంత్రి కిందికి వస్తోంది.