రక్తం కోలుకుంది, నరం కోలుకోలేదు: సుబ్బారావు గారి ఫోలిక్ ఆమ్లం నేర్పిన పాఠం

జెర్సీ సిటీ నుంచి ఉత్తరంగా వెళితే న్యూయార్క్ రాష్ట్ర సరిహద్దు దాటగానే పెర్ల్ రివర్ అనే చిన్న ఊరు వస్తుంది. నైరుతి దిక్కుగా వెళితే న్యూజెర్సీలోనే రావే అనే మరో ఊరు. నూవర్క్ అవెన్యూలో పచ్చళ్ళు, పప్పులు కొనుక్కుని ఇళ్ళకు వెళ్ళే మన తెలుగువారు ఈ ఊళ్ళ పక్కనుంచి ఎన్నోసార్లు వెళ్ళి ఉంటారు. మనిషి నరాలకు సంబంధించిన ఒక పెద్ద చిక్కుముడి 1945, 1948 సంవత్సరాల మధ్య ఈ రెండు ఊళ్ళ ప్రయోగశాలల్లో విడింది. అందులో తొలి అధ్యాయం మన భీమవరంలో పుట్టిన బిడ్డది.

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న జన్మించారు. ఆయన సోదరులిద్దరిని స్ప్రూ అనే సంగ్రహణి జబ్బు పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటికి పట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే వ్యాధి అది. మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావు గారు బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి చేసిన జీవరసాయన పరిశోధనలతో పేరు గడించారు.

అప్పట్లో పెర్నీషియస్ అనీమియా అనే రక్తహీనత వస్తే మరణమే శరణ్యం. 1926లో బోస్టన్‌కే చెందిన మైనాట్, మర్ఫీ అనే వైద్యులు రోగులకు రోజూ పెద్ద మోతాదులో కాలేయం తినిపిస్తే బతుకుతున్నారని చూపించారు. విపుల్‌తో కలిసి వారికి 1934లో నోబెల్ బహుమతి లభించింది. కాలేయంలో ఉన్న ఆ ప్రాణదాత పదార్థం ఏమిటన్నదే తరువాతి ప్రశ్న. దాన్ని వెతికినవారిలో సుబ్బారావు గారు కూడా ఉన్నారు.

1940లో ఆయన పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకు వచ్చారు. 1945లో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ రోగులకు అది అమృతంలా పనిచేసింది. పెర్నీషియస్ అనీమియా రోగులకూ ఇచ్చి చూశారు. వారిలోనూ రక్తకణాలు పెరిగాయి, ముఖంలో కళ వచ్చింది. వెతుకుతున్న పదార్థం దొరికిందనే చాలామంది అనుకున్నారు.

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. 1946, 1947 నాటికి వైద్యులు ఒక వింత గమనించారు. రక్తం బాగుపడిన రోగుల్లోనే కొందరికి పాదాలు మొద్దుబారసాగాయి. నడక తూలింది. చీకట్లో నిలబడలేకపోయారు. వెన్నుపాములో, కాళ్ళ నరాల్లో జబ్బు లోలోపల ముదురుతోంది. కాలేయం మాత్రం రక్తాన్నీ నరాన్నీ రెంటినీ కాపాడుతోంది. అంటే కాలేయంలో ఇంకొకటేదో ఉందన్నమాట!

ఆ ఇంకొకటి రావేలోని మెర్క్ ప్రయోగశాలలో దొరికింది. 1948 ఏప్రిల్‌లో కార్ల్ ఫోకర్స్ బృందం ఎర్రటి స్ఫటికాల రూపంలో దాన్ని వేరుచేసినట్లు ప్రకటించింది. అదే విటమిన్ బి12. ఇంగ్లండులో గ్లాక్సో సంస్థకు చెందిన లెస్టర్ స్మిత్ కూడా అదే ఏడాది దాన్ని సాధించారు. కొన్ని మైక్రోగ్రాముల మందే రోగిని నిలబెట్టింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు 53 ఏళ్ళకే కన్నుమూశారు.

ఇందువల్ల సుబ్బారావు గారి ఘనతకు వచ్చిన లోటేమీ లేదు. నేడు గర్భిణులకు ఫోలిక్ ఆమ్లం ఇస్తున్నది పుట్టబోయే బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడాలనే. అందుకోసమే అమెరికాలో 1998 నుంచి గోధుమపిండి వంటి వాటిలో దాన్ని తప్పనిసరిగా కలుపుతున్నారు. పెద్దవారు మాత్రలు, పిండి ద్వారా తీసుకునే ఫోలిక్ ఆమ్లం రోజుకు 1,000 మైక్రోగ్రాములు మించకూడదని అదే ఏడాది హద్దు పెట్టడానికి కారణం, 1940లలో ఆ రోగుల నరాలకు జరిగిన నష్టమే.

మరి ఈ పాత కథతో ఈనాటి మనకేం పని? చాలా ఉంది. నరాలు దెబ్బతినడానికి కుష్టు, మితిమీరిన మద్యం, కొన్ని క్షయ మందులు, కొన్ని క్యాన్సర్ మందులు, ఇలా ఎన్నో కారణాలున్నాయి. నేడు వీటన్నిటికంటే ముందు నిలిచేది మధుమేహం. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే నరాలూ, వాటికి రక్తం అందించే సన్నని నాళాలూ దెబ్బతింటాయి. అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలవి కనుక ముందు అక్కడే తిమ్మిర్లు, మంటలు, సూదులు గుచ్చినట్లు బాధ మొదలవుతాయి. తరువాత స్పర్శే పోతుంది. చెప్పులో రాయి ఉన్నా తెలియదు. పుండు పడుతుంది, మానదు. చివరికి కాలు తీసివేయవలసిన దుస్థితి రావచ్చు.

చక్కెరను గట్టిగా అదుపులో పెడితే మేలు జరుగుతుందని 1993లో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది. చిన్న వయసులో వచ్చే టైప్ 1 మధుమేహంలో నరాల జబ్బు 60 శాతం తగ్గింది. మనవారిలో ఎక్కువగా కనిపించే టైప్ 2లో లాభం అంతగా కాకపోయినా, ఉంది.

ఇక్కడే బి12 మళ్ళీ కథలోకి వస్తుంది. మధుమేహానికి విరివిగా వాడే మెట్‌ఫార్మిన్ మంచి మందు. ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ 1957లో దాని ప్రయోజనాన్ని వెల్లడించారు, అమెరికాలో అది 1995లో అందుబాటులోకి వచ్చింది. అయితే ఏళ్ళ తరబడి వాడేవారిలో కొందరికి ప్రేగులు బి12ను సరిగా పీల్చుకోలేవని 1971లోనే బయటపడింది. పైగా మనలో శాకాహారులెక్కువ. ఆకుకూరల్లో, పప్పుల్లో ఫోలేట్ పుష్కలం, బి12 మాత్రం శూన్యం. పాలు, పెరుగు ద్వారా వచ్చేది కొంచెమే. అంటే తోటకూర పప్పూ, ఇక్కడి బ్రెడ్డూ కలిసి రక్తాన్ని బాగానే ఉంచుతుండగా, నరం లోలోపల నష్టపోయే అవకాశం ఉందన్నమాట. 1946 నాటి రోగుల కథే మన వంటింట్లో నెమ్మదిగా జరగవచ్చు.

కాళ్ళు మంటలు పుడితే “షుగరు కదా, మామూలే” అని సరిపెట్టుకుంటాం. లేదా “నరాల బలహీనత” అని పేరు పెట్టి ఊరుకుంటాం. మధుమేహం వల్ల పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టం. బి12 లోపం వల్ల వచ్చిన బాధ మాత్రం, త్వరగా పట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది. ఆలస్యమైతే అదీ మిగిలిపోతుంది. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు కూడా. కనుక తేడా తెలుసుకోవడం ముఖ్యం.

మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు తమంతట తాము మానవద్దు. డాక్టరు గారిని అడిగి బి12 పరీక్ష చేయించుకోండి. ఏడాదికొకసారైనా పాదాల స్పర్శ పరీక్ష చేయమనండి. ప్రతి రాత్రీ అరికాళ్ళు చూసుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు చూపు ఆనకపోతే మీరే చూడండి. సుబ్బారావు గారి విగ్రహానికి దండ వేయడం మంచిదే. ఆయన కనిపెట్టిన మందు తీర్చిన లోటుతో పాటు, తీర్చలేని లోటును కూడా గుర్తుంచుకుంటే ఆ మహనీయుడికి మనం చేసే సేవ మరింత సార్థకమవుతుంది.