పది గోల్స్ ఎవరి ఖాతాలో?

మా అవనిగడ్డలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లని వేళ్ల మీద లెక్కెట్టొచ్చు. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, అంతే. నేను మొదటిసారి ఫుట్‌బాల్ తన్నింది ఇంజనీరింగ్‌లో, అదీ హాస్టల్ టీంకి పదకొండోవాడు దొరక్క. పరిగెత్తడం రాదు కాబట్టి వెనక నిలబెట్టారు. "నువ్వు బ్యాక్‌వి రా, బంతి వస్తే ఎటో ఒకవైపు తన్నెయ్" అన్నారు. నాకిచ్చిన కోచింగ్ మొత్తం ఇదే. గోల్ పడినప్పుడల్లా అందరూ నా వైపే చూసేవాళ్లు. ఉద్యోగంలో చేరాక అదే చూపు మళ్లీ చూశాను, ప్రొడక్షన్‌లో బగ్ బయటపడ్డ రోజు టెస్టింగ్ వాళ్ల మీద.

అందుకేనేమో, 2023-24 సీజన్లో మా ఆఫీసు మిత్రులు హైదరాబాద్ ఎఫ్‌సీ బ్యాక్స్‌ని తిడుతుంటే నాకు మనసొప్పలేదు. నిజమే, ఐఎస్ఎల్‌లో 22 మ్యాచ్‌లకి 43 గోల్స్ సమర్పించుకున్నారు, గెలిచింది ఒక్కటంటే ఒక్కటి. కానీ అంతకుముందు సీజన్లో ఇదే క్లబ్బు 20 మ్యాచ్‌లకి 16 గోల్సే ఇచ్చి లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఏడాదిలో ఆట మర్చిపోతారా ఎవరైనా? జీతాల బకాయిలు, కొత్తవాళ్లని తీసుకోకుండా నిషేధం. లెఫ్ట్ బ్యాక్ ఆకాశ్ మిశ్రా ముంబైకి వెళ్లిపోయాడు, సీజన్ మధ్యలో చింగ్లెన్‌సానా బెంగళూరుకి. మిగిలిన కుర్రాళ్లు గోల్ ముందు నిలబడి దెబ్బలు తిన్నారు. (2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది, అది వేరే ఏడుపు.)

మా దివిసీమ వాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కాలవ గట్టు తెగితే ముందు తిట్లు తినేది లస్కరు. పైనించి ఎన్ని నీళ్లు వదిలారు, ఆ గట్టు మీద మట్టి వేసి ఎన్నేళ్లయింది అన్న ప్రశ్నలు తర్వాతెప్పుడో వస్తాయి, వస్తే.

ఇక అసలు కథ. 1952 జూలై 15, హెల్సింకీ ఒలింపిక్స్. యుగోస్లావియా చేతిలో ఇండియా 10-1 తేడాతో ఓడిపోయింది. సగం ఆటకే 5 గోల్స్, మిగతా సగంలో ఇంకో 5. జెబెక్ అనేవాడొక్కడే 4 కొట్టాడు. ఆఖరి నిమిషాల్లో అహ్మద్ ఖాన్ కొట్టిన ఒక్క గోలే మనకి దక్కింది. ఆ రోజు వెనక ఆడిన బ్యాక్స్ ఇద్దరు: కెప్టెన్ శైలేన్ మన్నా, మన హైదరాబాద్ సిటీ పోలీస్ ఆటగాడు అజీజుద్దీన్. ఇద్దరూ ఆషామాషీ వాళ్లు కాదు. సిటీ పోలీస్ 1950 నుంచి 54 దాకా వరుసగా అయిదు సార్లు రోవర్స్ కప్ గెలిచిన టీం. మరి పదెలా పడ్డాయి?

చాలామంది చెప్పే కారణం బూట్లు లేకపోవడం. మనవాళ్లలో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు, అక్కడ చలి. అదీ ఒక కారణమే. ఇంకోటుంది, దాన్నెవరూ పెద్దగా పట్టించుకోరు. ఇద్దరే బ్యాక్స్ ఎందుకున్నారు?

1925 దాకా ఆఫ్‌సైడ్ రూలు ప్రకారం బంతి అందుకునేవాడికీ గోల్ లైనుకీ మధ్య ప్రత్యర్థులు ముగ్గురుండాలి. అలాంటప్పుడు ఇద్దరు బ్యాక్స్ చాలు. ఒకడు కాస్త ముందుకి జరిగితే ఎదుటివాడు ఆఫ్‌సైడ్‌లో చిక్కేవాడు. 1925లో ముగ్గుర్ని ఇద్దరు చేశారు. ఇంగ్లండ్‌లో గోల్స్ వరదయ్యాయి. ఆర్సెనల్‌లో హెర్బర్ట్ చాప్‌మన్ మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాగి మూడో బ్యాక్‌ని చేశాడు. దాన్నే డబ్ల్యూ-ఎం అన్నారు. మనం మాత్రం పాతికేళ్ల తర్వాత కూడా 2-3-5 లోనే ఉన్నాం. అంటే ఏపీఐ మారిపోయింది, మనం పాత కోడే నడుపుతున్నాం. మన దగ్గర ఎదుటివాడు కూడా అదే పాత కోడు కాబట్టి ఎర్రర్ రాలేదు. హెల్సింకీలో వచ్చింది.

అన్నట్టు ఆ యుగోస్లావియా కూడా తక్కువ టీమేం కాదు. తర్వాతి రౌండ్లో సోవియట్ యూనియన్‌కి 5 గోల్స్ కొట్టి, రీప్లేలో గెలిచి, చివరికి ఫైనల్ దాకా వెళ్లింది.

హెల్సింకీలో మన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. సిటీ పోలీస్ కోచ్ కూడా ఆయనే. అంటే ఆ పది గోల్స్ పడ్డ పద్ధతిలో ఆయన వాటా కూడా ఉంది. ఆయన మొదట హైదరాబాద్‌లో బడిపంతులు. (డీఎస్సీ కోచింగ్‌కి పేరుపడ్డ ఊరివాణ్ని కదా, పంతులంటే నాకు కొంచెం పక్షపాతం.) 2024లో వచ్చిన "మైదాన్" సినిమా ఆయన మీదే. తిరిగొచ్చాక బ్యాక్స్‌ని మార్చి చేతులు దులుపుకోవడం తేలిక. ఆయన అమరికనే మార్చాడు. మూడో బ్యాక్‌ని పెట్టాడు. 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించిన హంగరీలాగా సెంటర్ ఫార్వర్డ్‌ని కాస్త వెనక్కి దింపాడు. ఫుట్‌బాల్ సంఘం బూట్లు తప్పనిసరి చేసింది.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి, ఒలింపిక్స్ సెమీస్‌కి వెళ్లిన మొదటి ఆసియా జట్టుగా నిలిచాం. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియానే! ఈసారి మొదటి గోల్ మనదే, చివరికి 4-1తో ఓడాం. ఆ మెల్‌బోర్న్ జట్టులో అజీజుద్దీన్ కూడా ఉన్నాడు. హెల్సింకీ రోజున పది గోల్స్ పడ్డ గోల్ ముందు నిలబడినవాడే. నాకు ఈ కథలో అన్నింటికన్నా నచ్చిన సంగతి ఇదే.

1960 రోమ్‌లో హంగరీ చేతిలో 2-1తో ఓడాం, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నాం. పెరూ 3-1తో కొట్టి ఇంటికి పంపింది. 1962 జకార్తా ఆసియా క్రీడలకి వచ్చేసరికి రహీం 4-2-4లో ఆడిస్తున్నాడు. అంటే వెనక నలుగురు. గోల్‌లో హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్. ఇంతా చేసి మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్‌తో ఆటలో మన సెంటర్ బ్యాక్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. కట్టుతో ఉన్నవాణ్ని వెనక నిలబెడితే ప్రమాదం, బయట కూచోబెడితే నష్టం. రహీం సెమీస్ నుంచి అతన్ని ఫార్వర్డ్‌గా దింపాడు.

అప్పటికే రహీంకి క్యాన్సర్. 1963 జూన్ 11న పోయాడు.

ఫైనల్ 1962 సెప్టెంబర్ 4న, లక్ష మంది ముందు, మళ్లీ ఆ దక్షిణ కొరియాతోనే. 2-1తో మనం గెలిచాం. మొదటి గోల్ పీకే బెనర్జీది. రెండోది, ఆట గెలిపించినది, తలకి కుట్లున్న ఆ బ్యాక్ కొట్టాడు.